పులికి త్రీ సెవెంటీ ఫైవ్

పోయిన నెల జార్జియాలో కమ్మింగ్ అనే ఊళ్ళో ఒక స్నేహితుల ఇంట్లో పాట్‌లక్, అంటే ఎవరి వంట వాళ్ళు పట్టుకొచ్చే విందు. నేను కంచంలో రెండో గరిటె బిర్యానీ వేసుకుంటూ ఉండగా మా అమ్మాయి స్నేహితురాలు ఒకత్తె వచ్చి, "అంకుల్, మీరు టైగర్‌ని షూట్ చేశారంట, రియల్లీ?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. "మరి డాడీ ఎందుకు అలా చెప్పాడు?" అంది. (ఆ డాడీ పక్కనే నిలబడి పెరుగు పచ్చడి గిన్నెలోకి దీక్షగా చూస్తున్నాడు.) వడ్డిస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు గరిటెలు ఆపి నావైపు చూశారు. ఆ చూపులో గౌరవం లేదు, అనుమానం ఉంది. ఆరా తీస్తే తేలిందేమంటే, పన్నెండేళ్ళ కిందట టెక్సాస్‌లోని ప్లేనోలో జరిగిన ఒక సంగతి ఆ నోటా ఈ నోటా పడి జార్జియా చేరేసరికి ఒక పులి చచ్చింది. పక్క ఊరు అల్ఫారెట్టాలో చెప్పుకునే కథలోనయితే రెండు పులులట, అందులో ఒకటి చూలుతో ఉందట. ఇంకా ఊరుకుంటే నల్లమలలో పులులు తగ్గిపోవడానికి కారణం మా నాన్నేనని మా అమ్మాయే స్కూల్ ప్రాజెక్టులో రాసేట్టుంది. అందుకని, ఆనాడు అక్కడ ఉండి ఈనాడు కలం పట్టగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

ఆ రోజుల్లో, అంటే రెండు వేల రెండులో, మాకు ప్రాజెక్టులు తక్కువ, అనుమానాలు ఎక్కువ. నన్ను వీసా మీద తెచ్చిన కన్సల్టెన్సీ వాళ్ళు ప్లేనోలో రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్ ఒకటి తీసుకుని దానికి గెస్ట్‌హౌస్ అని పేరు పెట్టారు. అందులో ఆరుగురం పరుపులు పరుచుకుని, పప్పు వండుకుని, ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని కూర్చునేవాళ్ళం. ఎవరికి ఇంటర్వ్యూ వచ్చినా పక్కవాడికి చెప్పేవాడు కాదు. బాత్‌రూమ్‌లో దూరి ఇంగ్లీషులో గొణిగి, బయటికి వచ్చి "మా అమ్మతో మాట్లాడాను" అనేవాడు. నేను వచ్చి పదకొండు వారాలయింది. నెలాఖరులోగా ప్రాజెక్టు దొరక్కపోతే తిరుగు టికెట్ చేతిలో పెడతామని కన్సల్టెన్సీ వాళ్ళు మర్యాదగానే చెప్పారు. నాకు నాలుగేళ్ళ అనుభవం ఉంది. అక్షరాలా నిజమైన అనుభవం, ఆ గెస్ట్‌హౌస్‌లో అది కొంచెం అరుదైన వస్తువు. దానికి తోడు నాకొక గర్వం కూడా ఉండేది. పెద్ద కాలేజీల్లో చదివినవాణ్ణి కాను. మా ఊరి శాఖా గ్రంథాలయంలో, ఇష్టమైనప్పుడు మాత్రమే తిరిగే ఫ్యాను కింద కూర్చుని నాకు నేను నేర్చుకున్నవాణ్ణి. (నేను లోపల ఉన్నానని మరిచి లైబ్రేరియన్ గారు రెండుసార్లు తాళం వేసుకుపోయారు.) మూడు రోజుల వ్యవధి, ఒక లైబ్రరీ కార్డు ఇస్తే ప్రపంచంలో నేను నేర్చుకోలేని విద్య లేదని నా గట్టి నమ్మకం.

మా రెజ్యూమేలు చూసే మార్కెటింగ్ పెద్దమనిషిని మేమంతా వంట బాబాయి అనేవాళ్ళం. గుంటూరు వైపు మనిషి. ఆయనకి వంకాయ వేయించడం కూడా రాదు, ఆయన వండేదల్లా రెజ్యూమేలు. నాది వండడానికి వీల్లేదని నేను ముందే ఒట్టు పెట్టించుకున్నాను. "ఒరే అబ్బాయ్, నీ ఎక్స్‌పీరియెన్స్‌లో ఒక్క అక్షరం ముట్టుకోను, సరేనా?" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. అనుభవం ముట్టుకోలేదు. అన్నిటికంటే అడుగున, ఎవరూ చూడని చోట, "హాబీలు" అని ఒక వరుస చేర్చి, పెద్ద జంతువుల వేట అని రాశాడు. నా రెజ్యూమే పంపుతున్న క్లయింట్ కంపెనీలో మేనేజర్ గది నిండా కొమ్ములు వేలాడుతుంటాయని ఆయన ఎక్కడో విన్నాడట. ఈ మెరుగుదల సంగతి నాకు చెప్పడం మాత్రం మరిచిపోయాడు.

ఇంటర్వ్యూ ఫోన్ మధ్యాహ్నం వచ్చింది. స్పీకర్ మీద పెట్టాను. పక్కన వరంగల్ అన్న, అంటే గెస్ట్‌హౌస్‌లో నేను నమ్మే ఒకే ఒక్కడు, నోట్సు పట్టుకుని కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు జావా మీద అడిగారు, అన్నీ చెప్పాను. అన్న బొటనవేలు పైకెత్తాడు. అప్పుడు మేనేజర్ గొంతు మారింది. "చివరగా ఒక మాట. నువ్వు పెద్ద జంతువుల్ని వేటాడతావని ఇక్కడ ఉంది. ఏ క్యాలిబర్ వాడతావు?" అన్నాడు. నేను అన్నని చూశాను. అన్న స్టవ్ మీద పప్పుని చూశాడు. తెలియదు అంటే రెజ్యూమేలో ఒకటి అబద్ధమని తేలిపోతుంది. ఒకటి అబద్ధమైతే నా నాలుగేళ్ళ నిజాన్ని ఎవడు నమ్ముతాడు? ఆ క్షణంలో మా ఊరి లైబ్రరీలో ఏడో తరగతిలో చదివిన పాత వేటగాడి పుస్తకం ఒకటి, అట్ట చిరిగినది, కళ్ళ ముందు తెరుచుకుంది. అందులో ఒక అంకె ఉంది.

"త్రీ సెవెంటీ ఫైవ్, సర్."

అవతల చిన్న ఈల వినిపించింది. "అబ్బో, చాలా పెద్ద తుపాకీ. దేనికి?"

"పులికి, సర్."

అన్న నోట్సు పుస్తకంతో నుదురు కొట్టుకున్నాడు. తర్వాత ఆ గొంతు నెమ్మదిగా, "సరే. సోమవారం రాగలవా?" అంది.

ఫోన్ పెట్టగానే అన్న నా మీద పడ్డాడు. "అరే, కుందేలు అన్నా అయిపోతుండె గదరా! జింక అన్నా నడుస్తుండె! పులి ఎందుకురా నీకు?"

"పుస్తకంలో పులే ఉంది అన్నా."

సోమవారం వెళ్ళాను. మేనేజర్ అరవై దగ్గర పడ్డ టెక్సాస్ మనిషి, ఆరడుగుల పైన ఎత్తు, ఆఫీసులో కూడా తోలు బూట్లే. అందుకని ఆయన్ని బూట్లాయన అంటాను. ఆయన గది గోడకి ఒక ఎల్క్ తల ఉంది. (ఎల్క్ అంటే మన కణుజుకి పెద్దన్నలాంటిది, గుర్రమంత దుప్పి.) గాజు కళ్ళతో అది నన్నే చూస్తోంది. దానికీ అనుమానమే. బూట్లాయన నన్ను కూర్చోబెట్టి, "ఈ నవంబరులో కొలరాడో వెళ్తున్నాను, ఎల్క్ కోసం. ఇప్పుడున్నది పాత థర్టీ ఆట్ సిక్స్, కొత్త రైఫిల్ కొందామని ఉంది. పులుల్ని కొట్టినవాడివి, ఏ క్యాలిబర్ కొనాలో నువ్వే చెప్పు. తొందరేం లేదు, వచ్చే వారం చాలు," అన్నాడు. నలభై ఏళ్ళకి పైగా వేటాడుతున్నవాడు నిన్నగాక మొన్న దిగినవాణ్ణి సలహా అడగడమేమిటి? ఇది సలహా కాదు, పరీక్ష. నాకు వెంటనే తెలిసిపోయింది. పరీక్షలకి భయపడేవాణ్ణా నేను? ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్ళాను.

న్యూయార్క్‌లో జంట టవర్లు కూలి ఏడాదైనా తిరగని ఆ రోజుల్లో మన రంగువాడు అమెరికాలో రైఫిళ్ళ పుస్తకాలు ఎనిమిది ఒకేసారి కౌంటర్ మీద పెట్టడం ఎంత తెలివైన పనో మీరే ఊహించుకోండి. కౌంటర్ దగ్గర తెల్లజుట్టు పెద్దావిడ కళ్ళజోడు కిందికి జార్చి నన్ను చూసింది. పుస్తకాలు చూసింది. మళ్ళీ నన్ను చూసింది. "ఇవన్నీ నీకేనా?" అంది. "ఆఫీసు పని," అన్నాను. (నిజమే చెప్పాను, కానీ ఆ పూట నేను ఆడిన మాటలన్నిట్లోకి అదే పెద్ద అబద్ధంలా వినిపించింది.) ఆవిడ పుస్తకాలన్నీ ఇచ్చేసింది. ఇంటికి వచ్చే దారంతా అద్దంలో వెనక కార్లు చూసుకుంటూనే వచ్చాను.

తర్వాత వారం నేను చదివినంత శ్రద్ధగా ఎంట్రన్స్ పరీక్షకి కూడా చదవలేదు. క్యాలిబర్ అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు, అంగుళంలో ఎన్నో వంతు అన్న లెక్క. బులెట్ తూకం గ్రెయిన్లలో చెబుతారు, ఒక గ్రెయిన్ మన గురివింద గింజలో సుమారు సగం (ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నేనే కట్టిన లెక్క). టూ సెవెంటీ అనేది తేలిక, తిన్నగా దూరం పోతుంది. థర్టీ ఆట్ సిక్స్ పాతకాపు, అన్నిటికీ పనికొస్తుంది. సెవెన్ ఎమ్ఎమ్ మాగ్నం, త్రీ హండ్రెడ్ మాగ్నం అనేవి మందు ఎక్కువ దట్టించిన రకాలు, ఎద్దులా తంతాయి, ముందు వైపు ఎల్క్‌ని, వెనక వైపు పేల్చినవాణ్ణి. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ నాలుగో పుస్తకానికి వచ్చేసరికి నాకు రచయితల మీద అనుమానం మొదలైంది. ప్రతివాడూ తన క్యాలిబర్ తప్ప మిగతావన్నీ దండగంటాడు. టూ సెవెంటీ వాడు మాగ్నం వాణ్ణి పిరికివాడంటాడు, మాగ్నం వాడు టూ సెవెంటీ వాణ్ణి పాపాత్ముడంటాడు. మా ఊళ్ళో గోంగూరలో ఉల్లిపాయ వేయాలా వద్దా అని రెండు వీధుల వాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు, అచ్చం ఆ ధోరణే. అంకెలు కూడా ఒకరివి ఒకరితో కలవవు. దాంతో ఎవర్నీ నమ్మకుండా నేనే ఒక పెద్ద పట్టిక వేశాను. అడ్డంగా అయిదు క్యాలిబర్లు. నిలువుగా బులెట్ తూకం, మూడు వందల గజాల దగ్గర ఎన్ని అంగుళాలు కిందికి దిగుతుంది, భుజానికి ఎంత దెబ్బ, ఇలా పద్నాలుగు వరుసలు. వరంగల్ అన్న అది చూసి, "గిది ఉగాది పంచాంగం లెక్కుంది," అన్నాడు.

పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆ పెద్దావిడ మళ్ళీ కళ్ళజోడు జార్చింది. ఈసారి తప్పించుకోలేననుకున్నాను. ఆవిడ వంగి, గొంతు తగ్గించి, "ఎల్క్‌కా?" అంది. అవునన్నాను. "మా ఆయన బతికున్నంత కాలం మాగ్నం మాగ్నం అని చంపుకు తిన్నాడు. దాని తన్నుకి భయపడి పేల్చే ముందే కళ్ళు మూసుకునేవాడు. నేను థర్టీ ఆట్ సిక్స్‌తో కొట్టి తెస్తే ఆయన వండేవాడు," అని, పుస్తకాలు లెక్కపెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ క్షణంలోనే నా పట్టికకి పదిహేనో వరుస వచ్చింది, తీర్పు కూడా వచ్చింది.

పట్టిక బూట్లాయనకి ఇచ్చాను. అడుగున ఇలా రాశాను: "మీ దగ్గర ఇప్పటికే ఉన్న థర్టీ ఆట్ సిక్స్, నూట ఎనభై గ్రెయిన్ల బులెట్‌తో, ఎల్క్‌కి పూర్తిగా సరిపోతుంది. కొత్త రైఫిల్ అవసరం కనిపించడం లేదు." ఆయన చదివాడు, చాలాసేపు చదివాడు. మొహంలో సంతోషం లేదు. ఇంటికి తీసుకుపోతానన్నాడు. మర్నాటి నుంచి ఆయన పద్ధతి మారింది. కాఫీ దగ్గర కలిసినప్పుడల్లా మామూలుగా అడిగినట్టు ఏదో ఒకటి అడిగేవాడు. ఆ పులిని ఎక్కడ కొట్టావు? నల్లమల అన్నాను. ఎప్పుడు? తొంభై ఎనిమిదిలో అన్నాను. అనుమతి ఎవరిచ్చారు? కలెక్టరు అన్నాను. (ఆ పుస్తకంలో కలెక్టరే ఇచ్చాడు. ఆ కలెక్టరు తెల్లవాడనీ, ఆ కథ నాటి రాజ్యమే వేరనీ ఆ సమయంలో తట్టలేదు.) ఆయన తల ఊపి గదిలోకి వెళ్ళి పసుపు కాగితాల మీద ఏదో రాసుకునేవాడు. అన్నకి చెబితే, "అయిపోయింది. నీ రెజ్యూమే మీద డౌట్ వచ్చింది వానికి. ఇండియాకి ఫోన్‌లు కొడుతున్నడు, చూడు," అన్నాడు. ఆ రాత్రి పరుపు మీద పడుకుని తిరుగు టికెట్‌లో కిటికీ సీటు అడగాలా వద్దా అని ఆలోచించాను.

మూడో శుక్రవారం గదికి పిలిచాడు. తలుపు మూశాడు. బల్ల మీద ఒక ప్రింటవుట్ పెట్టి నావైపు తిప్పాడు. నా రెజ్యూమే అనుకుని వంగి చూశాను. కాదు. మన దేశపు వన్యప్రాణి చట్టం.

"మీ దేశంలో వేట నువ్వు పుట్టక ముందే నిషేధించారు," అన్నాడు బూట్లాయన. "నేను పన్నెండో ఏట నుంచి వేటాడుతున్నాను. పర్మిట్ లేకుండా ఒక్క బాతుని కొట్టలేదు. పులిని దొంగతనంగా చంపినవాడు నా టీమ్‌లో ఉండడు. హెచ్ఆర్‌కి చెప్పే ముందు నీ మాట విందామని పిలిచాను."

మూడు వారాలు నేను అబద్ధాలకోరుగా దొరికిపోతానని భయపడ్డాను. ఆయన మాత్రం నన్ను హంతకుడనుకుంటున్నాడు. బయటపడాలంటే నేను భయపడిన నేరాన్నే నా నోటితో ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాను. నేను తుపాకీ ముట్టుకోలేదనీ, పులిని జూలో తప్ప చూడలేదనీ, కోడిని కూడా కోయించి తెచ్చుకోవడమే గాని కోసిన పాపాన పోలేదనీ, ఆ హాబీ ఎవరో చేర్చారనీ ఏకబిగిన చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. నమ్మలేదు. సొరుగులోంచి నా పట్టిక తీసి బల్ల మీద పరిచాడు.

"తుపాకీ ముట్టుకోనివాడు ఇది రాశాడా? మూడు వందల గజాల దగ్గర బులెట్ ఎంత దిగుతుందో నా స్నేహితులకే తెలియదు."

"లైబ్రరీ, సర్."

"తన్నుకి భయపడి కళ్ళు మూసుకుంటారని పదిహేనో వరుసలో ఉంది. అది లైబ్రరీలో ఎలా దొరుకుతుంది?"

"లైబ్రేరియన్, సర్."

ఆయన మొహంలో అనుమానం రెట్టింపయింది. నా జీవితంలో నా చదువుని అంతగా మెచ్చుకున్నవాడు లేడు, అంతగా నన్ను ముంచినవాడూ లేడు. చివరికి, "రేపు పొద్దున షూటింగ్ రేంజ్‌కి రా. వీసా మీద ఉన్నవాడు హంటింగ్ లైసెన్స్ లేకుండా తుపాకీ పట్టకూడదు, దారిలో తీసుకో. అన్నీ చట్టప్రకారం," అన్నాడు. ఆ నిబంధన నాకు తెలుసు సర్ అని నోటిదాకా వచ్చింది. నా జన్మలో నోరు మూసుకున్న కొద్ది సందర్భాల్లో అదొకటి.

శనివారం ఉదయం, కొత్త లైసెన్స్ కాగితం జేబులో పెట్టుకుని, ఊరి బయట రేంజ్‌లో ఆయన ముందు నిలబడ్డాను. ఆయన భార్య కూడా ట్రక్కులో వచ్చింది. నర్సుగా చేసి రిటైరయిందట. బూట్లాయన తన థర్టీ ఆట్ సిక్స్‌లో ఒకే ఒక్క గుండు పెట్టి, చెవులకి మఫ్స్ తగిలించి, బల్ల ముందు కూర్చోబెట్టాడు. "స్కోప్‌కి కన్ను దూరంగా ఉంచు," అన్నాడు. "తెలుసు సర్, మూడు నుంచి నాలుగంగుళాలు," అన్నాను. నిజంగానే తెలుసు, పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. కానీ స్కోప్‌లోంచి, అంటే తుపాకీ మీద బిగించిన దుర్బిణీలోంచి, చూస్తే ఏమీ కనబడలేదు, చుట్టూ నల్లటి వలయం, మధ్యలో వెన్నెల ముక్కలాంటిది. ఇంకొంచెం దగ్గరికి జరిగాను. ఇంకొంచెం. తాళం కన్నంలోంచి పక్కింటి టీవీ చూసే పద్ధతిలో కన్ను దానికి ఆనించేశాను. ఊపిరి సగం వదిలాను, వేలు నెమ్మదిగా నొక్కాను, అంతా శాస్త్రప్రకారం.

తర్వాత నాకు గుర్తున్నది ఆకాశం. స్కోప్ అంచు కుడి కనుబొమ్మ మీద చంద్రవంకలా కోసింది. రక్తం చొక్కా మీదికి కారుతోంది. నర్సమ్మ పరుగున వచ్చి గాజుగుడ్డ అదిమి పట్టింది. బూట్లాయన ముందు నా కన్ను చూశాడు, తుపాకీ చూశాడు, ఆ తర్వాత టార్గెట్ వైపు చూశాడు. కాగితం మీద గీతైనా పడలేదు. అప్పుడు ఆయన మొహంలో మూడు వారాల మబ్బు ఒక్కసారిగా విడిపోయింది.

"పులి మాట అటుంచు. పిచ్చుకని కొట్టినవాడు కూడా ఈ పని చెయ్యడు," అన్నాడు.

"కుట్లు పడాల్సిన అవసరం లేదు," అంది భార్య. తర్వాత కట్టు కడుతూ, "ఆ చార్ట్ రాసిన అబ్బాయి నువ్వేనా? డైనింగ్ టేబుల్ మీద పెట్టి మరిచిపోతే నేను చదివాను. పదేళ్ళుగా ఈయనకి కొత్త రైఫిల్ వద్దని చెప్పలేక చస్తున్నాను. అంత చక్కగా ఎవరూ చెప్పలేదు," అంది. బూట్లాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన అసంతోషంలో సగం పులిది కాదని నాకు అప్పుడు అర్థమైంది.

ట్రక్కు వెనక తలుపు దించి కూర్చున్నాం. "అయితే పులి అబద్ధం," అన్నాడు. అవునన్నాను. "త్రీ సెవెంటీ ఫైవ్?" పుస్తకం సర్ అన్నాను. "మరి జావా?" అది నిజం సర్ అన్నాను. "ఆ కాగితంలో ఒకటి అబద్ధమని నువ్వే చెప్పావు. మిగతాది నిజమని నేనెలా నమ్మాలి?" అన్నాడు. పదకొండు వారాలుగా, ఆ తర్వాత మూడు వారాలుగా నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. దానికి నేను ఏ పుస్తకంలోనూ జవాబు చదవలేదు. కట్టు మీద చెయ్యి పెట్టుకుని, "మూడు వారాలుగా నా కోడ్ మీ ముందే నడుస్తోంది సర్. అది నన్ను ఎప్పుడైనా ఇలా తన్నిందా?" అన్నాను.

ఆయన నవ్వడానికి కొంత సమయం పట్టింది. సోమవారం నా చేత్తో నేనే టైప్ చేసిన రెజ్యూమే తెమ్మన్నాడు. తెచ్చాను. అనుభవం అదే. హాబీ దగ్గర "పుస్తకాలు చదవడం" అని రాశాను. ఆయన పెన్సిల్‌తో ఆ వరుస కింద గీత గీసి, "దీనికి పరీక్ష అక్కర్లేదు," అని ఫైల్లో పెట్టాడు. ఆ ప్రాజెక్టులో మూడేళ్ళు చేశాను.

ఇప్పుడు నేనే ఇంటర్వ్యూలు చేస్తున్నాను. కుర్రవాళ్ళ కాగితాల అడుగున స్కూబా డైవింగ్, పర్వతారోహణ, ఇంకా ఏవేవో ఉంటాయి. మొన్న ఒకతను చదరంగం అని రాశాడు. పట్టుకుందామని నోరు తెరిచాను. అంతలో, ఆ ఆట సంగతి నాకే తెలియదు కదా, ఎదురు ప్రశ్న వేస్తే నా గతేమిటి అని అనుమానం వచ్చి, వాతావరణం గురించి అడిగి వదిలేశాను. సాయంత్రం లైబ్రరీకి వెళ్ళి చదరంగం పుస్తకాలు ఆరు తెచ్చుకున్నాను. మా ఆవిడ వాటిని చూసి, నా కనుబొమ్మ వైపు ఒకసారి చూసింది.

ఈ కథ ఇంత సజావుగా ముగియడానికి సాయపడినవాళ్ళకి ఇక్కడే దణ్ణాలు పెట్టుకుంటాను. అనుభవం ముట్టుకోకుండా మాట నిలబెట్టుకున్న వంట బాబాయికి. పులి ఎందుకురా అని అడిగి, ఆ తర్వాత పద్నాలుగు రోజులు కట్టు మార్చిన వరంగల్ అన్నకి. కళ్ళజోడు జార్చిన లైబ్రరీ పెద్దావిడకి, ఆవిడ వండిపెట్టే భర్తకి. చట్టం మొత్తం ప్రింట్ తీసి, అన్ని పేజీలూ చదివిన బూట్లాయనకి. చివరగా గాజుగుడ్డ పట్టిన నర్సమ్మకి. ఆవిడ ఆ ఏడాది క్రిస్మస్‌కి నాకు ఎల్క్ మాంసం ఒక పొట్లం పంపింది. పైన చీటీ మీద "పాత రైఫిల్‌తోనే" అని రాసి ఉంది.